మోకు పట్టినవాడు

"చెయ్యి తియ్యి నాన్నా."

"తియ్యను."

మేస్త్రి తన తల్లి గది గుమ్మానికి అటూ ఇటూ చేతులు ఆనించి నిలబడ్డాడు. పనికి బయల్దేరబోయినవాడు అలాగే ఆగిపోవడంతో రంగులు వేసే వెడల్పాటి బ్రష్షు ఇంకా కుడిచేతిలోనే ఉంది. ద్వారబంధానికి నొక్కుకున్న చోట దాని కుచ్చు వంగిపోయి, ఎండిన రంగు పొడి గడప మీద రాలుతోంది.

కూతురు పొద్దున్నే బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. మొహమైనా కడుక్కోలేదు. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికి సెలవు పెట్టి ఏ ఊళ్ళు తిరిగిందో, చెప్పులకి ఎర్రమట్టి మీద నల్లమట్టి, నల్లమట్టి మీద ఇసక.

"ఆవిడ మొగుడి సంగతి ఆవిడకి చెప్పడానికి నీ పర్మిషన్ కావాలా?"

"కావాలి. ఆవిడ నా తల్లి."

"ఆయన నీ తండ్రి."

ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు. పాలగ్లాసు పట్టుకుని వచ్చిన మేస్త్రి భార్య ఇద్దరి మధ్యా ఆగిపోయింది.

"తండ్రీకూతుళ్ళు ఇలా తలుపు రెక్కల్లా నిలబడితే నేను కిటికీలోంచి దూరి పాలు ఇవ్వాలా? పక్కకి జరగండి. ఇంకో మాట. అత్తయ్యకి కాళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. చీమ తుమ్మినా ఎవరదీ అంటుంది."

మేస్త్రి గుమ్మం వదిలాడు. వదులుతూనే కూతురి మణికట్టు పట్టుకుని పెరట్లోకి నడిపించాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినప్పుడు కూడా ఆ పిల్లని అలా పట్టుకోలేదు.

పెరట్లో రంగు డబ్బాలు, గోడకి వారగా నిచ్చెనలు, కిరసనాయిల్లో నానేసిన బ్రష్షులు. ఒక డబ్బా బోర్లించి కూర్చున్నాడు. కూతురు కూర్చోలేదు.

బస్సు దిగి వచ్చి ఆ పిల్ల వీధిలోనే గొంతు తగ్గించి అన్నది ఒకటే మాట. "ఆయన ఎక్కడికీ పోలేదు నాన్నా. బావిలోనే ఉన్నాడు."

మేస్త్రికి ఊహ తెలిసేసరికే తండ్రి లేడు. బావులు తవ్వేవాడనీ, ఎక్కడో దూరాన పనికి వెళ్ళి అక్కడ ఇంకొకావిడతో లేచిపోయాడనీ చెప్పేవారు. చెప్పింది మామయ్య, అమ్మకి తమ్ముడు. ఆ పనికి వెంట వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చినవాడు. కథ తెచ్చింది మామయ్యే అయినా దాన్ని రోజూ మేపి పెంచింది అమ్మ. కూరలో ఉప్పెక్కువైతే ఆ మనిషి. వానకి గోడ కూలితే ఆ మనిషి. పిల్లలకి జ్వరమొస్తే ఆ మనిషి ఉసురు. ఇంట్లో ఆయనకి పేరు లేదు, వరస లేదు. ఆ మనిషి, అంతే.

వీధిలో పిల్లలు 'లేచిపోయినోడి కొడకా' అంటే మేస్త్రి వాళ్ళ మీద పడి కొట్టేవాడు. కొట్టి వచ్చి, వాళ్ళన్న మాట తప్పు కాదని తెలిసి దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. భూమి లోపలికి దిగే పని చేయనని చిన్నతనంలోనే ఒట్టు పెట్టుకుని నిచ్చెన ఎక్కాడు. రంగుల పనిలో ఎంత ఎత్తుకైనా వెళ్తాడు. ఇంటి కింద నేలగది ఉందంటే మాత్రం దానికి వేరే మనిషిని చూసుకోమంటాడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు. "మొదట్నుంచీ."

"మొదలంటూ ఏముంది? బావి తరవాత బావి. అంతే."

ఆయన కట్టిన ప్రతి బావికీ గట్టు మీది వరసలో ఒక ఇటుక నిలువుగా ఉంటుంది. మిగతావన్నీ పడుకుంటే అదొక్కటి నిలబడి ఉంటుంది. ఆ సంగతి మామయ్యే ఒకనాడు పరధ్యానంలో ఈ పిల్లకి చెప్పాడు. టీకాలు వేయడానికి వెళ్ళిన ఊళ్ళో అలాంటి ఇటుక కంటపడ్డ దగ్గర్నుంచి కూతురు ఇక ఆగలేదు. ఇక్కడ తవ్వినాయన తరవాత ఎక్కడికి వెళ్ళాడని అడగడం, ముసలివాళ్ళు చెయ్యి చూపించిన వైపు బస్సెక్కడం.

నిలువు ఇటుక మేస్త్రికీ తెలుసు. పడుచుతనంలో ఒక ఇంటికి రంగులు వేస్తుండగా పరంజా మీంచి పెరటి బావి కనిపించింది. దిగి వెళ్ళి, సుత్తి తీసుకుని, ఆ ఇటుకని పగలగొట్టాడు. ఇంటివాళ్ళు వచ్చి ఇదేం పనయ్యా అంటే పామును చూశానని చెప్పాడు. ఆ సంగతి ఇప్పటిదాకా భార్యకి కూడా తెలియదు.

"చివరి ఊళ్ళో గట్టే లేదు," అంది కూతురు. "చేను. చేను మధ్యలో పూడ్చిన గొయ్యి. అక్కడ గానుగ నడిపే ముసలాయన ఉన్నాడు. అప్పుడు చాలా చిన్నవాడట. బావి తవ్వుతుంటే అంచున కూర్చుని చూసేవాడట. ఒడ్డు విరిగి మొత్తం లోపలికి పోయిందన్నాడు. చుట్టూ ఇసకనేల. తవ్వి తీద్దామంటే దిగినవాడు కూడా పోతాడు. అందుకని చేను గలాయన అలాగే పూడ్పించేశాడట."

"సరే. పోయాడు. విన్నాను." మేస్త్రి లేచాడు. "ఇంక దీన్ని ఇక్కడే వదిలెయ్యి. మీ నానమ్మకి చెప్పొద్దు."

"ఎందుకు చెప్పొద్దు? మొగుడు తనని వదిలేసి పోయాడనుకుంటూ చచ్చిపోవాలా ఆవిడ?"

"అదే ఆవిడని ఇన్నేళ్ళు బతికించింది. ఆ కోపమే. అన్నం తిన్నా తినకపోయినా ఆ మనిషిని తిట్టి లేచేది. ఇప్పుడు వెళ్ళి, అమ్మా, నువ్వు తిట్టినవాడు నీ తిట్లు మొదలుకాకముందే పోయాడు అని చెప్తావా? ఆవిడ గుండె ఎంత గట్టిదనుకుంటున్నావు?"

"నానమ్మ గుండె సంగతి నాకు వదిలెయ్యి. నాడి చూసేది నేను."

"నాడి చూస్తే గుండె తెలుస్తుందా?"

కూతురు సంచి కింద పెట్టింది. తండ్రి మొహంలోకి నిదానంగా చూసింది. ఆస్పత్రిలో రోగి అబద్ధం చెప్తున్నాడని తెలిసినప్పుడు ఆ చూపు చూస్తుందేమో అనుకున్నాడు మేస్త్రి.

"నానమ్మ కోసం కాదు నాన్నా. నీ కోసం. ఆవిడకి చెప్తే నువ్వు కూడా నమ్మాల్సి వస్తుంది."

నిజానికి కూతురు ఆ మొదటి మాట అన్న దగ్గర్నుంచీ మేస్త్రి తనలో దుఃఖం కోసం వెతుక్కుంటూనే ఉన్నాడు. అది దొరకలేదు. దొరికింది భయం. ఎత్తైన గోడకి రంగు వేస్తుండగా కాళ్ళ కింది పలకని ఎవరో వెనకనుంచి మెల్లగా లాగేస్తున్నట్టు. ఆ మనిషి చెడ్డవాడు అన్న పలక మీద నిలబడే పెళ్ళి చేసుకున్నాడు, పిల్లని కన్నాడు, ఒక్కరోజు కూడా ఇల్లు వదిలి బయట పడుకోలేదు. పరాయి ఊళ్ళో పని ఎంత మంచిదైనా చీకటిపడేసరికి ఇంటికొచ్చేవాడు. నేను ఆ మనిషిలాంటివాణ్ణి కాను అని ప్రతి సాయంత్రం ఎవరికో చూపిస్తున్నట్టు. ఎవరికి చూపించాడు? చూడాల్సినవాడు ఇసకలో ఉన్నాడు.

"మామయ్య ఎందుకు అలా చెప్పాడు?" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. "పోయాడని చెప్తే పోయేదిగా. లేచిపోయాడని చెప్పడమెందుకు?"

కూతురు నిచ్చెన మెట్టు మీద కూర్చుంది. ఇప్పటిదాకా ఉన్న పంతం మొహంలోంచి పోయింది.

"అదే చెప్పలేదు నీకు. చెప్పాలో లేదో బస్సంతా ఆలోచిస్తూ వచ్చాను."

"చెప్పు."

"మోకు ఎవరు పట్టుకుంటారో నీకు తెలుసుగా?"

ఎందుకు తెలియదు? బావులు తవ్వేవాళ్ళలో అది మాట తప్పని పద్ధతి. లోపలికి దిగినవాడి నడుముకి కట్టిన మోకు రెండో కొస, పైన వాడి భార్య తోడబుట్టినవాడి చేతిలోనే ఉండాలి. సొంత అన్నదమ్ములకైనా వాటాల గొడవలుంటాయి గానీ, బావమరిది మాత్రం తన తోడబుట్టినదాన్ని చేజేతులా విధవని చేసుకోడు. లోపల మనిషి ఉన్నంతసేపూ పైనవాడు మోకు వదలడు. ఈగ వాలినా తోలుకోడు.

"జల పడిందట నాన్నా," అంది కూతురు. "గానుగాయనకి అది బాగా గుర్తుంది. లోపల్నుంచి తాతయ్య కేక పెట్టాడట, జల, జల అని. పైన అందరూ గంతులేశారట."

మేస్త్రి కిరసనాయిలు డబ్బాలోని బ్రష్షుల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తరవాతేమిటో కూతురు చెప్పకముందే అర్థమవుతోంది. జల పడగానే కిందవాడు మొదటి నీళ్ళు చెంబులో పట్టి గంపలో పైకి పంపుతాడు. బురదైనా, సగం ఇసకైనా, ఆ నీళ్ళు మోకు పట్టినవాడే ముందు తాగాలి. చేను గల ఆసామి కూడా ఆ తరవాతే. తన ప్రాణాన్ని పట్టుకున్న చేతులకి కిందవాడు చేసే మర్యాద అది. ఆ చెంబుని ఒంటిచేత్తో అందుకోరు. రెండు చేతులూ పట్టి తాగుతారు. అందుకే తాగేముందు మోకుని గుంజకి రెండు మెలికలు వేసి బిగించాలి.

"మామయ్య తాతయ్య గుంజకి చుట్టలేదు," అంది కూతురు. "సంతోషంలో మర్చిపోయాడట. మోకు కాలికింద తొక్కిపట్టి చెంబు ఎత్తాడట. నీళ్ళు ఊరేసరికి అడుగున ఇసక కదిలింది. ఒడ్డు విరిగింది. మోకు కాలికింద నుంచి లాక్కుని పోయింది. మామయ్య తాతయ్య నోట్లో ఇంకా నీళ్ళు ఉన్నాయట నాన్నా. మింగలేదు, ఉయ్యలేదు. అలాగే నిలబడిపోయాడట."

పక్కింటి పంపులోంచి నీళ్ళు బిందెలో పడుతున్న చప్పుడు గోడ మీదుగా వస్తోంది.

మామయ్య కుడి అరికాలు మేస్త్రికి గుర్తొచ్చింది. మడమ నుంచి వేళ్ళదాకా వేలెడు వెడల్పున నున్నటి చార. ఆఖరి రోజుల్లో తనే ఆ కాళ్ళకి నూనె రాసేవాడు. ఇదేంటి మామయ్యా అంటే నిప్పు తొక్కానురా అనేవాడు. తనని బడికి పంపినవాడు, తన పెళ్ళికి పెద్దగా నిలబడ్డవాడు. తండ్రి ఎలా ఉంటాడో ఆ కాళ్ళు చూసే నేర్చుకున్నాడు.

"మోకు పట్టుకుని ఉంటే మాత్రం బతికేవాడా?" అన్నాడు.

"ఎవరికి తెలుసు? అంత ఇసక మీద పడ్డాక మోకు ఏం చేస్తుంది? బతికేవాడు కాదేమో."

"మరి?"

"మరేముంది. బతికేవాడు కాడని మామయ్య తాతయ్యకి చెప్పేవాళ్ళు లేరు. అంతే."

భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఖాళీ గ్లాసు.

"పాలు తాగింది. తాగి, పెరట్లో పంచాయితీ ఎంతవరకు వచ్చిందని అడిగింది. మిమ్మల్ని రమ్మంటోంది."

"ఏమైనా విందా?"

"ఆవిడ ఏం విందో, ఏం వినలేదో ఈ కాపరంలో నాకు ఎప్పుడైనా తెలిసిందా? ఒక్కర్నే రమ్మంది. పిల్లని కాదు."

కూతురు లేవబోయి మళ్ళీ కూర్చుంది. తండ్రి తన పక్కనుంచి వెళ్తుంటే గొంతు తగ్గించి అంది. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. కోపంతో కాదు. ఆవిడకి ఎక్కువ రోజులు లేవు, నాన్నా."

తల్లి కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. మనిషి సన్నబడి దుప్పటి మడతల్లో కలిసిపోయింది. కళ్ళు మాత్రం ఇంకా ఎవరినైనా కూర్చోమని అనకుండానే కూర్చోబెట్టగలవు. మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బ్రష్షు పట్టుకుని తిరుగుతున్నావు పొద్దున్నుంచీ. నాకేమైనా రంగు వేస్తావా?"

అప్పుడు చూసుకున్నాడు. బ్రష్షు కింద పెట్టాడు.

"దొరికిందా దానికి?" అంది తల్లి. "పూడ్చిన చోటు?"

గుమ్మం దగ్గర గొడవపడ్డప్పుడు ఎవరైనా బావి అన్నారా? మొగుడి సంగతి అన్నారు. తండ్రి అన్నారు. పూడ్చడం అన్న మాట పెరట్లో తప్ప ఎక్కడా రాలేదు. పెరటి మాటలు ఈ కిటికీ దాకా రావు. మేస్త్రి ఆ మాటలన్నిటినీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకున్నాడు. తల్లి అతను చూసుకోవడం అయ్యేదాకా ఆగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీ మామ తిరిగొచ్చిన పూటే. ఈ కాళ్ళ మీదే పడ్డాడు."

తల్లి చెప్పింది తప్పు ఒప్పుకుంటున్నట్టు లేదు. ఇంటికి ఎప్పుడు సున్నం వేయించామో చెప్పినట్టుంది.

"బావ లోపల పోతే, మోకు పట్టినవాణ్ణి ఇంకెవరు పనికి పిలుస్తారు? ఏ ఊరు రానిస్తుంది? వాడికి వేరే పని రాదు. నా చేతిలో నువ్వు, చంకలో నీ చెల్లెలు. వాడు తెస్తే తినాలి మనం. లేచిపోయాడంటే నన్ను చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వారు. నవ్వులకి పొయ్యి ఆరిపోదుగా."

"మరి ఆ తిట్లు? నువ్వు తిట్టిన తిట్లు?"

"ఏడిస్తే తెలిసిపోతుందిరా. మొగుడు లేచిపోయినది తిడుతుంది. పోయినది ఏడుస్తుంది. ఏడుపొచ్చినప్పుడల్లా తిట్టాను."

ఎంత ఏడుపు! మేస్త్రికి ఆ తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కూరలో ఉప్పు, కూలిన గోడ, పిల్లల జ్వరం. అన్నిచోట్లా ఆమె ఏడుస్తూనే ఉంది. తను పక్కనే కూర్చుని తిట్లు నేర్చుకున్నాడు. ఆమెకి ఆ మాటలు కన్నీళ్ళు. అతనికి మాత్రం అవి మాటలే. అతను నిజంగానే అసహ్యించుకున్నాడు.

"నాకైనా చెప్పాల్సింది," అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడిలా పలికి తనకే సిగ్గేసింది. "పెద్దయ్యాక. మామయ్య పోయాకైనా."

"నీకు మీ మామ దేవుడు. ఉన్న ఒక్కణ్ణీ ఎలా తీసేసుకోను?"

గోడ మీద నీడలు కదిలాయి. వెలుపల భార్య కూతురితో ఏదో అంటోంది, కూతురు తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగినట్టు చిన్న చప్పుడైంది. లోపలికి మాత్రం రాలేదు.

"ఒక్కటి అడుగుతాను," అంది తల్లి. ఇప్పటిదాకా లేని వణుకు ఆ గొంతులో. "నువ్వు దాని దగ్గర విన్నావుగా. జల పడిందా?"

మేస్త్రి స్టూలు అంచు పట్టుకున్నాడు.

"మీ నాన్న తవ్విన ఏ బావీ ఎండుగా పోలేదురా. ఒక్కటీ. ఆ ఒక్కదాంట్లో మాత్రం జల పడలేదన్నాడు మీ మామ. ఎండుగొయ్యి అక్కా, తవ్వుతుంటే విరిగింది, మోకు నా చేతిలోనే ఉంది, తెగిపోయింది అన్నాడు. చేతిలోనే ఉంది, చేతిలోనే ఉంది అని పదిసార్లు అన్నాడు."

మీ నాన్న అంది. అతని జీవితంలో మొదటిసారి. ఆ మాట పట్టుకుని ఒక్క నిమిషం ఉందామనుకున్నాడు. తల్లి ఉండనివ్వలేదు.

"చెప్పు. పడిందా?"

పడింది అంటే చాలు. మిగతాది చెప్పక్కర్లేదు. బావులు తవ్వేవాడి భార్య ఆమె. చెంబు ఎవరికి వెళ్తుందో తెలుసు, రెండు చేతులూ ఎక్కడుంటాయో తెలుసు. ఏ తమ్ముడి కోసం మొగుడి పేరు మట్టిలో కలిపి, తన పేరు వీధిలో పెట్టి, కొడుక్కి తండ్రి లేకుండా చేసిందో, ఆ తమ్ముడు ఆ క్షణంలో నీళ్ళు తాగుతున్నాడని తెలుసుకుంటుంది. పడలేదు అంటే ఆమె ఇన్నేళ్ళ బతుక్కీ అర్థం మిగులుతుంది. కానీ ఆ మనిషి, నాన్న, ఆఖరిసారి వేసిన కేక మాత్రం ఇసకలోనే ఉండిపోతుంది. జల, జల అన్న కేక.

మేస్త్రి కింద పడున్న బ్రష్షునీ, దాని చుట్టూ రాలిన పొడినీ చూశాడు.

"లేదమ్మా," అన్నాడు. "పడలేదట. ఎండుగొయ్యే."

తల్లి దుప్పటి కొస వేళ్ళకి చుట్టుకుంది, విప్పింది. ఆమె ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. మేస్త్రి ఇంక అయిపోయిందనుకుని లేవబోయాడు.

"మీ మామ కూడా ఇలాగే నేల చూస్తూ చెప్పాడు."

అతను లేవలేదు.

"వాణ్ణి అప్పుడు తల ఎత్తమనలేదు. ఎత్తితే ఏం కనపడుతుందోనని భయమేసింది." ఆమె చెయ్యి వచ్చి అతని గడ్డం కింద ఆగింది. ఎముకలే ఉన్న చెయ్యి, వెచ్చగా ఉంది. "ఇప్పుడు నాకు భయం లేదు. నువ్వు తల ఎత్తి చెప్పు నాన్నా."